జబ్బార్ నేల మీద కూర్చోబెట్టిన దేశాలు

జహీరాబాద్‌లో షామియానాలు వేసే జబ్బార్ ఒక మధ్యాహ్నం పూట పది దేశాల కింది నుంచి కుర్చీలు లాగేసి, అన్నిటి చేతా నేల మీద బాసింపట్టు వేయించి, పొద్దుటి నుంచి తెగని తగాదాను అన్నం గిన్నె మూత తీసేలోపు తెంపేసి, అదీ చాలదన్నట్టు తానే పదకొండో దేశమై వాటి సరసన కూర్చున్నాడు. ఐక్యరాజ్యసమితికి ఈ కబురు ఇంకా అందలేదు. అందిన రోజున ఒక పొడుగాటి కారు బొంబాయి హైవే మీద చిరాగ్‌పల్లి దగ్గర ఆగి, 'జబ్బార్ గోదాం ఎటు?' అని అడగడం ఖాయం. అడిగితే చాయ్ తాగుతున్న వాడెవడైనా గ్లాసు దించకుండా చూపిస్తాడు. అంత పేరు ఆయనది.

ఆ పేరు ఊరికే రాలేదు. బడి ఎక్కాలు గొంతు దిగకముందే జబ్బార్ పలక వదిలేసి మేనమామ వెంట గుంజలు మొయ్యడానికి పోయాడు. తనకు నికాహ్ అయిన కొత్తలో, ఒక ఎండాకాలం న్యాల్‌కల్‌లో పెళ్లి. గాలిదుమారం లేచి షామియానాను గుంజలతో సహా ఎత్తుకుపోయింది. తాడు వదిలితే మామ తంతాడని జబ్బార్ వదల్లేదు. దాంతోపాటే పైకి లేచి, కర్ణాటక గట్టు దాటి, బీదర్ కోట చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వడ్డన మొదలయ్యే వేళకు పెళ్లిపందిట్లోనే దిగాడట. ఆయనకు కన్నడం వంటబట్టింది ఆ ప్రయాణంలోనేనని వినికిడి. ఆయన భార్య తాజ్ బేగం ముందు ఈ సంగతి ఎత్తితే, "లేసిన మాట నిజమే. పక్క జొన్న చేన్ల పడ్డడు. చెయ్యి ఇరిగితే నెల దినాలు బుక్కలు నేనే పెట్టిన," అంటుంది. ఆమెకు బీదర్ కోట సంగతి తెలియదు పాపం.

వాళ్ల కూతురు అఫ్రీన్. డిగ్రీ రెండో ఏడు. ఆ పిల్లకు ప్రశ్న అడగడం తండ్రి నుంచే వచ్చింది. జబ్బార్ ఎవరింట్లో గుంజ పాతినా ఆ ఇంటి మూడు తరాల చరిత్ర అడిగిగానీ గుంత పూడ్చడు.

ఈ ఏడు బ్రిక్స్ దేశాల కూటమికి అధ్యక్ష స్థానం మన దేశానిదని పేపర్లలో వచ్చినప్పుడు, అఫ్రీన్ వాళ్ల కాలేజీలో రాజకీయ శాస్త్రం చెప్పే రాజేశ్వర్ సార్‌కు ఒక ఆలోచన పుట్టింది. పిల్లల చేతే ఒక నమూనా సభ జరిపిద్దామని. తలా ఒక దేశం. చివరికి అందరూ ఒప్పుకొన్న ఒక తీర్మానం. హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చి చూస్తారు. ఆమె తిరిగి బస్సెక్కేలోపు తీర్మానం మీద అందరి సంతకాలూ పడితే జట్టు రాష్ట్ర పోటీకి పోతుంది. ఒక్క సంతకం తగ్గినా పోదు. నిరుడు ఇలాంటి సభే ఒకటి పెడితే పిల్లలు బల్లలెక్కి కొట్టుకున్నారు. "ఇది గూడ చెడిందంటే ఇగ ఈ కాలేజీల సభలు బంద్," అని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశారు. అధ్యక్ష దేశం అఫ్రీన్‌ది. మైకు పట్టుకొని పదిమందిని నడిపించే అవకాశం ఆ పిల్లకు అదే మొదటిది. సార్ దగ్గర బతిమాలి తీసుకుంది. చెడితే అదే ఆఖరిది కూడా.

సభకు కుర్చీలు జబ్బార్‌వే. ముందు రోజు సాయంత్రం గోదాంలో జంపఖానాలు దులుపుతూ అడిగాడు.

"ఎన్ని కుర్చీలు బేటీ?"

"పది. కాదు, పదకొండు. సరిగ్గ తెల్వది అబ్బా."

"ఎందరొస్తరో తెల్వకుండ పెండ్లెట్ల చేస్తున్నరు?"

"పెండ్లి కాదబ్బా, బ్రిక్స్. మొదలు బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా. తర్వాత దక్షిణాఫ్రికా. మొన్నమొన్న ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, ఎమిరేట్స్. పోయినేడు ఇండోనేషియా."

"వీళ్లంత చుట్టాలా?"

"కాదు. కొందరికి కొందరితోని పడదు గూడ."

"పక్క పక్క ఊర్లా?"

"ఒకటి ఈడుంటే ఒకటి భూమికి ఆవల."

జబ్బార్ దులపడం ఆపేశాడు. "చుట్టాలు గాదు, పక్కిండ్లు గాదు, పడదు గూడ. మరి ఏం జూసి కలిసిన్రు?"

పుస్తకంలో ఉన్న జవాబు అఫ్రీన్ నాలుక చివరే ఉంది. కానీ తండ్రి ముఖం చూస్తే ఆ మాటలు అక్కడ అతకవనిపించింది. "ఎదుగుతున్న దేశాలబ్బా. లోకంల దాదాపు సగం మంది వీళ్ల దగ్గరనే ఉన్నరు. కాని అప్పులిచ్చే పెద్ద బ్యాంకులల్ల, పెద్ద సభలల్ల పాత పెద్దిండ్లోళ్ల మాటనే చెల్లుతది. జర మమ్మల్ని గూడ అడుగుండ్రి అని కలిసిన్రు. వీళ్లు సొంతంగ ఒక బ్యాంకు గూడ పెట్టుకున్నరు, షాంఘైల."

"అంటే దావత్‌కు వచ్చిన జనంల సగం మంది వీళ్లే. ముందు వరస కుర్చీలు మాత్రం వేరేటోళ్లయి."

"గట్లనే."

"దఫ్తర్ ఏడుంది?"

"ఆఫీసంటూ లేదు. ఏ ఏడు ఎవరి వంతైతే వాళ్లే నడుపుతరు."

"పెద్దమనిషి ఎవరు?"

"ఎవరు లేరు. అందరు ఒప్పుకుంటెనే ఏదన్న అయితది. ఒక్కరు వద్దన్నా ఆగిపోతది."

జబ్బార్ జంపఖానా మీదే చతికిలబడ్డాడు. ఆయన ఎన్నో నికాహ్‌లు చూశాడు, మగపెళ్లి వారు ఆడపెళ్లి వారు కొట్టుకోవడం చూశాడు, పెద్దమనుషులు అడ్డం పడి విడదీయడం చూశాడు. పెద్దమనిషే లేని పంచాయితీ మాత్రం ఎక్కడా చూడలేదు. "దఫ్తర్ లేదు, పెద్దమనిషి లేడు, ఒక్కడు మూతి ముడిస్తే అంత బంద్. మరి ఇన్నేండ్ల సంది ఎట్ల నడుస్తుంది బేటీ?"

అఫ్రీన్ దులిపిన జంపఖానా ఒకటి మడతపెట్టసాగింది. నిజమే. ఎట్లా నడుస్తోంది?

"ఇంతకు పదకొండోది ఎవరు?" అన్నాడు జబ్బార్.

"సౌదీ. పిలిచిన్రు. వచ్చిందని కొందరంటరు, ఇంక పూర్తిగ రాలేదని కొందరంటరు."

ఈ చిక్కు మాత్రం జబ్బార్‌కు కొట్టిన పిండి. "పిలిచినంక కుర్చీ ఎయ్యాలె. రాకుంటే ఖాళీగుంటది, ఏం గాదు. వచ్చినంక కుర్చీ లేకుంటే ఇజ్జత్ పోతది. పదకొండు."

మర్నాడు పొద్దున హాల్లోకి రాబోయిన అఫ్రీన్ గుమ్మంలోనే ఆగిపోయింది. పది మామూలు కుర్చీలు అర్ధచంద్రాకారంలో ఉన్నాయి. నడిమధ్యలో, అధ్యక్షుల వారి కోసం, బంగారు రంగు కాళ్లతో, ఎర్ర మఖమల్ పరుపుతో, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే సోఫా.

"అబ్బా, ఇదేంది!"

"అధ్యక్షులకు ప్లాస్టిక్ కుర్చీ ఏస్తే లోకం నవ్వదా?"

తీసేయడానికి వేళ లేదు. మేడం గారు వచ్చేశారు. అఫ్రీన్ ఇద్దరు పట్టే ఆ సోఫాలో ఒక మూలకు ఒదిగి కూర్చుంది. పక్కన మిగిలిన ఖాళీ చూస్తే పెళ్లికొడుకు బరాత్ ఇంకా ఊరి పొలిమేరలో ఉన్నట్టే ఉంది. చైనాగా వచ్చిన దీక్షిత ముందుకు వంగి, "దుల్హా ఏడి అఫ్రీన్? ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడా?" అంది. ఇరాన్, ఇథియోపియా పగలబడి నవ్వాయి. పదకొండో విద్యార్థి దొరకలేదు గనుక సౌదీ కుర్చీ ఖాళీగానే ఉంది.

అయినా సభ బాగానే సాగింది. ఎవరి దేశపు డబ్బుతో వాళ్లు సరుకు కొనుక్కునే ఏర్పాటు చూడాలన్నారు. అందరూ చేతులెత్తారు. పాత పెద్ద సభల్లో మా మాటకూ చోటుండాలన్నారు. చేతులతో పాటు కాళ్లు కూడా ఎత్తేవాళ్లే. జబ్బార్ వెనక గుమ్మం దగ్గర నిలబడి, అర్థమైనా కాకపోయినా తల ఊపుతున్నాడు. అలా ఆరు అంశాలు గట్టెక్కాయి. ఏడోది వ్యవసాయం. సభ్యదేశాల మధ్య పంటల రాకపోకలకు అడ్డంకులు తగ్గించాలి. బ్రెజిల్ మినుములు, కందులు పండించి మన దేశానికి అమ్ముతోంది గనుక బ్రెజిల్ ఎగిరి గంతేసి సంతకం పెట్టాల్సిన అంశం అది.

బ్రెజిల్ లేచి నిలబడింది. "బ్రెజిల్ ఒప్పుకోదు," అంది.

బ్రెజిల్ అంటే పృథ్వీరాజ్. న్యాల్‌కల్ దగ్గర మినుములు వేసే రైతు రామ్‌కిషన్ కొడుకు. ఫుట్‌బాల్ మీద ప్రేమ కొద్దీ ఆ దేశం కోరి తీసుకున్నాడు. మినుముల సంగతి ఆ క్షణం దాకా అతని బుర్రకు ఎక్కలేదు.

"అమ్మేది నీ మినుములే గదరా!" అంది దీక్షిత.

"అమ్మను."

"ఎందుకమ్మవు?"

"నా మినుములొస్తే మా నాయిన మినుములు ఎవరు గొంటరు?"

రాజేశ్వర్ సార్ గొంతు సవరించుకున్నారు. "బాబూ, నువ్వు బ్రెజిల్‌వి. న్యాల్‌కల్ గాదు."

"బ్రెజిల్‌కు మాత్రం మనసుండదా సార్?"

హాలంతా ఘొల్లుమంది. మేడం గారు మాత్రం నవ్వకుండా ఏదో రాసుకున్నారు. అఫ్రీన్‌కు నవ్వు రాలేదు. అందరూ ఒప్పుకోవాలి. ఆ 'అందరూ'లో ఒకడు అడ్డం తిరిగాడు. పైగా తన దేశం మీద తానే.

"పృథ్వీ, పప్పు ధర పిరమైతే కొనేటోళ్లు ఏం గావాలె?" అంది సోఫాలోంచి.

"పండిచ్చేటోళ్లు ఏమైన పర్వలేదా? నువ్వు ఇండియావి. నా మాట నువ్వు అనాలె అసలు!"

అది నిజమే కాబట్టి అఫ్రీన్‌కు ఇంకా కోపమొచ్చింది. రష్యా సర్దిచెప్పబోయింది, కుదర్లేదు. ఎమిరేట్స్ లేచి, "నీ మినుములు మొత్తం నేను గొంట, సంతకం పెట్టుర బై," అంది. "నీది ఎడారి, నువ్వేం జేస్కుంటవు?" అన్నాడు పృథ్వీరాజ్. మాటా మాటా పెరిగి, అతను కాగితం బల్ల మీద పడేసి బయటికి నడిచి, కాంపౌండు గోడెక్కి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. మేడం గారు గడియారం చూసుకున్నారు. రాజేశ్వర్ సార్ భోజన విరామం ప్రకటించారు. ఆ ప్రకటన ఎవరో పోయినట్టు వినిపించింది.

అఫ్రీన్ నల్లా దగ్గరికి పోయి ముఖం మీద నీళ్లు చల్లుకుంది. కళ్లెర్రబడ్డాయని ఎవరన్నా అడిగితే నీళ్ల వల్లేనని చెప్పొచ్చు. నిన్న అబ్బా అడిగిన ప్రశ్న చెవిలో తిరుగుతోంది. ఎట్ల నడుస్తుంది? అసలు దేశాలవాళ్లు, భాష కలవనివాళ్లు, ఒకరంటే ఒకరికి గిట్టనివాళ్లు ఏటేటా కలిసి ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టే లేస్తున్నారు. ఇక్కడ ఒకే బస్సులో వచ్చి ఒకే క్యాంటీన్లో తినేవాళ్లకు ఎందుకు కుదరడం లేదు?

తిరిగి హాల్లోకి వచ్చేసరికి కుర్చీలు లేవు. ఒక్కటీ లేదు. మఖమల్ సోఫా గుమ్మం దాటుతూ బంగారు కాళ్లు ఆడిస్తోంది. నేల మీద నీలిచారల జంపఖానా, దాని మీద పొడుగాటి తెల్ల దస్తర్‌ఖాన్ గుడ్డ, దానికి ఇరుపక్కలా పదకొండు పళ్లేలు.

"అబ్బా! కుర్చీలేవి?"

"తినేటప్పుడు కుర్చీలెందుకు?" అన్నాడు జబ్బార్ ఇటు తిరగకుండానే, సోఫా వెనక కాలు పట్టుకొని.

దేశాలు ఒకదాని ముఖం ఒకటి చూసుకొని, చెప్పులు విడిచి కూర్చున్నాయి. పొద్దుటి నుంచి వీపు నిటారుగా పెట్టి 'గౌరవనీయ ప్రతినిధి' అంటూ మాట్లాడిన చైనా మోకాలు ఇథియోపియా మోకాలికి తగిలింది. ఈజిప్టు ఇరాన్ భుజం మీద చెయ్యేసి కూలబడింది. పెద్ద గంజులోంచి బగారన్నం వాసన, పక్క గిన్నెలోంచి వంకాయ కూర వాసన. రష్యా ఆగలేక మూత మీద చెయ్యేసింది. గరిటె వచ్చి ఆ చేతి మీద ఠప్పున పడింది.

గరిటె అబ్దుల్ సమద్‌ది. జబ్బార్ షామియానా ఉన్న చోట వంట ఆయనదే. ఈ వైపు దావత్‌లలో ఒక పద్ధతుంది. దస్తర్‌ఖాన్ చుట్టూ వేసిన పళ్లేలన్నిటి ముందూ మనుషులు కూర్చుంటేనే గిన్నె మూత లేస్తుంది. సగం నిండిన పంక్తికి వడ్డించడం పిలిచిన వాడికీ వచ్చిన వాడికీ నామోషీ. సమద్ ఆ పద్ధతిని వంట కన్నా ఎక్కువ పట్టింపుగా పాటిస్తాడు. ఒకసారి ఒక పెద్ద అధికారిని పక్క పళ్లెం ఖాళీగా ఉందని గంటసేపు ఎండు పళ్లెం ముందు కూర్చోబెట్టాడట. ఆ అధికారి చివరికి తన డ్రైవర్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటే గానీ మెతుకు రాలలేదు.

"ఇద్దరు తక్కువున్నరు," అన్నాడు సమద్.

"ఒకడు గోడెక్కిండు చాచా. ఇంకొకటి సౌదీ, అది అసలే లేదు," అంది దీక్షిత.

"నాకు దేశాలు తెల్వయి. పళ్లేలు తెలుసు."

సోఫాను బండెక్కించి చేతులు కడుక్కొని వచ్చిన జబ్బార్, ఒకసారి గంజు వైపు, ఒకసారి సమద్ గరిటె వైపు చూసి, ఒక ఖాళీ పళ్లెం ముందు కూర్చున్నాడు.

"సౌదీ వచ్చిందోయ్!" అని దీక్షిత అరిచిన అరుపుకు గోడ మీద పృథ్వీరాజ్ కూడా వెనక్కి తిరిగి చూశాడు.

ఇక ఒకే పళ్లెం. ఆకలి మీదున్న దేశాలన్నీ లేచి, అఫ్రీన్ వెంట గోడ దగ్గరికి బయలుదేరాయి. రష్యా తిట్టబోతే అఫ్రీన్ వారించింది. తిట్టుకోవడం హాల్లోనే అయింది. ఆమె గోడకు ఆనుకొని, నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగింది.

"పృథ్వీ, మీ నాయిన మినుములు ఎప్పుడమ్ముతడు?"

"వానలు ఎనకబట్టినంక. కోసిన ఎంటనే. దాసుకునే జాగ ఏడుంది మాకు?"

"సంక్రాంతి దాటినంక మీ ఇంట్ల మినుములుంటయా?"

"మేమే కొనుక్కొని తింటం అప్పుడు." అతను గోడ మీది పెచ్చు ఒకటి ఊడబీకాడు. "మా సరుకు మార్కెట్‌ల దిగే దినాలల్లనే ఓడ రావొద్దు. గదే నా ఏడుపు. మిగిలిన దినాలు తెచ్చుకోండ్రి, నాకేంది. పట్నపోళ్లు గూడ ఇడ్లీలు తినాలె గద."

"గదే రాస్త. కోత దినాలల్ల ఏ దేశం చిన్న రైతుకు అడ్డం రాకుండ, కొరతున్న దినాలల్ల తలుపులు తెరిచి. సరేనా?"

పృథ్వీరాజ్ గోడ మీద నుంచి ఒక కాలు ఇటు వేశాడు. "బ్రెజిల్ రైతుకు గూడ రాయి. ఆయనకు గూడ కోతలుంటయి."

"రాస్త. దిగు."

"మేం ఒప్పుకున్నం, ఒప్పుకున్నం!" అన్నాయి తక్కిన దేశాలు, సగం వినీ వినకుండానే. రష్యా అప్పటికే హాలు వైపు పరుగు తీస్తోంది.

పదకొండో పళ్లెం ముందు కూడా మనిషి కూర్చున్నాడు. సమద్ ఎడమ నుంచి కుడికి ఒకసారి తల తిప్పి చూసుకొని మూత తీశాడు. ఆవిరి పైకప్పు దాకా లేచింది. అఫ్రీన్ ఎడమ చేత్తో ఏడో అంశం కొట్టేసి కొత్తగా రాసి ఇస్తే, కాగితం పంక్తిలో చేతులు మారుతూ పోయింది. ఇండోనేషియా సంతకం మీద వంకాయ నూనె చుక్క పడింది. బ్రెజిల్ అందరికన్నా పెద్ద అక్షరాలతో, కింద గీత కూడా గీసి పెట్టింది.

మేడం గారు ఆ కాగితం నూనె అంటకుండా కొసలు పట్టుకొని చదివారు. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వారు. "తీర్మానం చెల్లింది. జట్టు హైదరాబాద్ రావచ్చు," అన్నారు. గుమ్మం దాటబోతూ రాజేశ్వర్ సార్‌తో, "ఆ బ్రెజిల్ అబ్బాయికి అక్కడ మాత్రం ఇండియా ఇవ్వండి," అని కూడా అన్నారు. అఫ్రీన్ మేడం గారిని గేటు దాకా సాగనంపి వచ్చింది. పళ్లెంలో అన్నం చల్లారిపోయిందన్న సంగతి చాలాసేపటికి గమనించింది.

సాయంత్రానికి ఊళ్లో కథ పుట్టింది. బస్టాండు దగ్గర ఒకరు, కుర్చీల మీద ఉన్నంతసేపే మనిషికి పొగరు, నేల మీద అందరూ సమానమని జబ్బార్ ఉపన్యాసమిచ్చాడన్నారు. ఇంకొకరు, సౌదీ తరఫున అరబ్బీలో మాట్లాడాడన్నారు. కథ రెండు వీధులు తిరిగొచ్చేసరికి మేడం గారు ఆయన్ని ఢిల్లీకి రమ్మన్నారు కూడా. అఫ్రీన్‌కు ఆ మాటలు అతిశయమని తెలుసు. అయినా ఒక అనుమానం మిగిలింది. నల్లా దగ్గర తను కళ్లు కడుక్కోవడం అబ్బా చూసే ఉంటాడు. చూసే, ఆలోచించే, ఇదంతా చేసి ఉంటాడు.

ఇంటికి రాగానే తాజ్ బేగం చాయ్ పెట్టింది. జబ్బార్ గోడకానుకొని కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. అఫ్రీన్ పక్కన చేరి, గొంతు తగ్గించి అడిగింది. "అబ్బా, దేశాలను నేల మీద కూసోబెడితే దారికొస్తయని నీకెట్ల తెలిసె?"

జబ్బార్ చాయ్ ఊదుకొని ఒక గుక్క తాగి అన్నాడు:

"నాకేం తెల్వది. కోహీర్‌ల పెండ్లుండె, కుర్చీలు పొద్దుగూకక ముందే గాడ దించాలె, గందుకే తీస్కపోయిన. మనిషి తక్కువుంటే సమద్ భాయ్ వడ్డించడు, నాకు ఆకలైతుండె, కూసున్న. నేను ఏ దేశం గాలె."